రెండో గదికి దాటిన మాట

మార్చి 14, గురువారం సాయంత్రం

చిరంజీవి తొందరమ్మకు,

నీ పెద్దసారు ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేను క్షేమం అని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. మోకాళ్ళనడిగితే వేరే మాట చెబుతాయి. నువ్వూ, మీ అమ్మగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. బళ్ళో హాజరుపట్టీలు రాసే ఉద్యోగంలో చేరావని తెలిసింది. పేరు పిలిస్తే పిల్లలు ఉన్నాను అంటారు, అంతటితో సరి. మన దగ్గరికొచ్చేవాళ్ళలా మూడు గంటలు వాదించరు.

నేను మాత్రం బాగా అలిసిపోయానమ్మా. మధ్యవర్తిత్వ కేంద్రంలో ఇరవై ఆరేళ్ళయింది. ఇంట్లో ఎవరైనా గట్టిగా తలుపేస్తే చాలు, ఇద్దరినీ చెరో గదిలో కూర్చోబెట్టాలనిపిస్తోంది. మొన్న మా ఆవిడ కూర బాగుందా అని అడిగితే, నువ్వేమనుకుంటున్నావని ఎదురడిగాను. రెండ్రోజులు మాటల్లేవు.

ఇవాళ పొద్దున మేడమీదాయనా, కిందింటాయనా వచ్చారు. నీళ్ళ పంపు తగాదా. కిందింటాయనతో విడిగా మాట్లాడాక, మన అలవాటు ప్రకారం కాగితం మీద నిలువుగీత గీశాను. ఎడమవైపు అవతలి గదిలో చెప్పదగినవి, కుడివైపు చెప్పకూడనివి. ఏది ఎటు రాయమంటారని అడిగాను. ఆయన నా మొహం చూసి, కుడివైపు రాసినవి నిజంగా మీ దగ్గరే ఉంటాయా సార్ అన్నాడు. ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు విన్న ప్రశ్నే. ఇవాళ మాత్రం కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాను. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు.

నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన కొత్తలో నీకు ఆగడం తెలియదు. వచ్చినవాళ్ళు కుర్చీలో సర్దుకోకముందే తప్పెవరిదో తేల్చేసేదానివి. అందుకే తొందరమ్మ అని పేరు పెట్టాను. రెండేళ్ళలో ఎంత మారావు! టైలరింగ్ షాపు అక్కచెల్లెళ్ళు వచ్చిన రోజు, అక్క ఏడుస్తుంటే నువ్వు ఓదార్చనూ లేదు, తొందరపెట్టనూ లేదు. ఆవిడే మళ్ళీ మాట అందుకునేదాకా కూర్చున్నావు. ఇక నేర్పడానికి నా దగ్గరేమీ లేదనుకున్నాను.

ఆ రోజు సంగతి మళ్ళీ తవ్వుతున్నానని విసుక్కోకు. ఇరవై ఏళ్ళు కలిసి నడిపిన షాపు పంచుకోవడానికి వచ్చారు వాళ్ళు. చేతులు వణుకుతున్నాయనీ, సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాననీ, అక్కకు మాత్రం తెలియకూడదనీ చెల్లెలు తన గదిలో మనిద్దరికే చెప్పింది. కుడివైపు రాసి, కింద రెండు గీతలు కూడా గీశాం. తర్వాత అక్క గదిలో నువ్వు, మీ చెల్లెలి ఆరోగ్యం ఎలా ఉంటోందని మామూలుగా అడిగావు. ఆవిడ దిగ్గున లేచి, చెల్లెలి దగ్గరికెళ్ళి, చేతులు పట్టుకుని, షాపంతా నువ్వే తీసుకోవే అని భోరుమంది. చెల్లెలు విదిలించుకుంది. నా మీద జాలిపడమని మిమ్మల్ని అడిగానా అని మనిద్దర్నీ నిలదీసి వెళ్ళిపోయింది. ఒప్పందం లేదు. ఆ ఇద్దరి మధ్యా ఇప్పటికీ మాటల్లేవట.

నా ప్రశ్న వల్లే సార్, నా ప్రశ్న వల్లే అంటూ నువ్వు వరండాలో కూలబడ్డావు. మర్నాడే రాజీనామా ఇచ్చావు.

కొత్త మధ్యవర్తుల పేర్లు రేపటిలోగా ఇమ్మని కేంద్రంలో అడిగారు. నీ పేరొక్కటే ఇచ్చాను. ఫోన్ చేస్తే, నా నోటిని నేనే నమ్మలేను, నన్నొదిలేయండి అన్నావని మేనేజరు గారు చెప్పారు. ఆ మాట విన్నాక అన్నం సయించలేదు. ఈ పనిలో పొరపాటు చెయ్యనివాళ్ళు లేరమ్మా. ఎనిమిది నెలలు నిన్ను నువ్వు శిక్షించుకున్నావు, చాలు. అదంతా మనసులోంచి తీసేసి సోమవారం వచ్చెయ్. నీలాంటి పిల్ల ఈ పని మానుకుందంటే నాకు కష్టంగా ఉంది.

మీ అమ్మగారికి నమస్కారాలు.

ఇట్లు,
నీ మేలు కోరే
పెద్దసారు

తా.క. శుక్రవారం, మధ్యాహ్నం.

పైన రాసినదంతా పొద్దున మళ్ళీ చదివాను. నేనేదో నిన్ను క్షమిస్తున్నట్టు రాశాను. సిగ్గేసింది. ఆ రోజు అక్క కోసం నువ్వు మంచినీళ్ళు తేవడానికెళ్ళిన ఐదు నిమిషాలూ ఆవిడతో నేనొక్కణ్ణే ఉన్నాను. కాజాలు కుట్టే మిషను తనకే కావాలని ఆవిడ పట్టుబట్టింది. పొద్దుటినుంచీ అదే మాట. విసిగిపోయి, తీసుకోండి, మీ చెల్లెలి చేతులకు ఇక దానితో పనేముంది అనేశాను. ఆవిడ మొహం పాలిపోయింది. అంతలో నువ్వు లోపలికొచ్చి ఆ ప్రశ్న అడిగావు. అప్పటికే ఆవిడకు అర్థమైపోయింది. నువ్వే ఒప్పేసుకున్నావు కనక, ఎవరు చెప్పారని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. నేను నోరు విప్పలేదు. మౌనం మన పనిలో ఒక పద్ధతని నీకు చెప్పినవాణ్ణి. ఆ రోజు నాది పద్ధతి కాదు, పిరికితనం.

ఇదంతా కాగితం మీద పెట్టి ఇప్పుడే మేనేజరు గారి చేతికిచ్చి వచ్చాను. అక్కకూ, చెల్లెలికీ చెరో ఉత్తరం రాశాను. సోమవారం నుంచి ఆ గదుల్లో నేనుండను. ఆ కుడివైపు మాట నీ నోట రాలేదు తల్లీ. నువ్వు ఆ గదుల్లోకి వెళ్ళు.