తొమ్మిదో నంబరు సాంచా ఆగిన నిమిషాలు

కరీంనగర్,
సోమవారం

ప్రేమగల బాపుకు,

నీ నవీన రాసేది. హాస్టల్లో బాగానే ఉన్నానని మొదలుపెట్టాలి గానీ అది అబద్ధం. ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్లో నువ్వు నాతో మాట్లాడితే కదా. ఏం చెప్పినా "మంచిదే బిడ్డా" అని అవ్వ చేతికిచ్చేస్తావు. పరీక్ష సరిగా రాయలేదన్నా మంచిదే, జ్వరమొచ్చిందన్నా మంచిదే. చదువుకని నన్ను పంపించి, ఆ తర్వాత మరిచిపోయావని రెండేళ్లుగా లోపల మండుతూనే ఉన్నాను. ఆ కోపం పక్కన పెట్టి అసలు సంగతి రాస్తాను. మా క్లాసు పద్మలత రోజూ సిరిసిల్ల నుంచే వచ్చిపోతుంది కాబట్టి ఈ కాగితం ఆమె చేతికిస్తున్నాను.

నీ పక్కన సాంచాలు నడిపే అంబదాస్ కాక పని పోగొట్టింది నేనే బాపూ.

నేను చదివే ఎంబీఏలో ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, టెక్నాలజీ మేనేజ్‌మెంట్ అని ఉంటాయని చెప్పాను కదా. చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు చేయాలి. ఏదైనా పని జరిగే చోటికి వెళ్లి, అక్కడి సమాచారం పోగుచేసి, పని ఎక్కడ ఆగుతోందో కనిపెట్టాలి. అందరూ బ్యాంకులూ సూపర్ మార్కెట్లూ పట్టుకున్నారు. నేను గొప్పకు పోయి మీ మరమగ్గాల కార్ఖానా పట్టుకున్నాను. చెయ్యనా అని నిన్ను ఫోన్లో అడిగితే అప్పుడూ మంచిదే అన్నావు. ఇంజినీరింగ్ ల్యాబ్ వాళ్లిచ్చిన అగ్గిపెట్టెంత యంత్రాలు పదహారు తెచ్చి మరమగ్గం సాంచాకు ఒకటి చొప్పున కట్టిపోయాను. కండెలో నూలు అయిపోయో దారం తెగో సాంచా ఆగితే ఆ నిమిషం, మళ్లీ నడిస్తే ఆ నిమిషం అది గుర్తుపెట్టుకుంటుంది. మూడు వారాలకు వచ్చి విప్పుకుపోయాను. మధ్యలో ఒక్క పూటైనా నిలబడి చూడలేదు. యంత్రం చూస్తోంది, ఇంక నేనెందుకు అనుకున్నాను.

మనుషుల పేర్లు బయటపెట్టకూడదని, వాటి బదులు నంబర్లు వేస్తే ఎవరికీ హాని ఉండదని మా మేడం మొదట్లోనే చెప్పింది. నేను ఒక్క పేరూ రాయలేదు. ఒకటి నుంచి పదహారు వరకు సాంచాల నంబర్లే వేసి, నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ చప్పుళ్లో పెరిగినదాన్ని, క్షణం ఆగి ఆలోచించలేదు చూడు. మీ దగ్గర మనిషికి నాలుగు సాంచాలు, మొదటిదాని నంబరే కదా ఆ మనిషి పేరు. "తొమ్మిదో నంబరు చాయ్‌కి పోయిండు", "అయిదో నంబరుకు పానం బాగలేదు" అనే మాటలు వింటూనే కదా పెద్దదాన్నయింది. సంతకం కోసం రిపోర్టు మీ కార్ఖానా నడిపే ఆసామి శ్యాంసుందర్ సార్‌కు ఇచ్చాను. ఆయన మిగతా పేజీలు తిప్పనే లేదట. అన్నిటికన్నా ఎక్కువసేపు ఆగినవి తొమ్మిది నుంచి పన్నెండు అన్న పట్టిక ఒక్కటే చూశాడు. ఆ నాలుగూ కాకవని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

శనివారం కాకను పనిలోంచి తీసేసి ఇంటికి పంపించాడని కాక ఇంట్లోంచి బాలవ్వ చిన్నమ్మ ఫోన్ చేసింది. తిట్టలేదు. "నీ సదువుకు మేమే దొరికినమా బిడ్డా?" అని మాత్రం అడిగింది. వెంటనే నీకు ఫోన్ చేసి, నా వల్లే ఇలా జరిగిందని ఏడ్చాను. నువ్వేమన్నావో గుర్తుందా? "మంచిదే బిడ్డా" అన్నావు. అవ్వకు ఇచ్చేలోపే నేను పెట్టేశాను. కాక సాంచాలు నాలుగూ నీకే ఇస్తారని ఊళ్లో అనుకుంటున్నారని పద్మలత చెప్పింది. అందుకా మంచిది? ఇరవై ఏళ్లు నీ వీపు వెనక నిలబడి పనిచేసిన మనిషి.

గురువారం లోపల రిపోర్టు ఇవ్వాలి, శుక్రవారం వైవాలో దాని గురించి అందరి ముందు చెప్పాలి. నేను ఇవ్వను. ఈ చదువు ఇక్కడితో ఆపేసి ఇంటికొస్తాను. వచ్చేముందు నాకొక్కటి తెలియాలి. నీకు నిజంగా మంచిదే అనిపించిందా?

కోపంలో ఉన్నా నీ బిడ్డే అయిన
నవీన

సిరిసిల్ల,
మంగళవారం

నా తల్లి నవీనకు బాపు దీవించి రాసేది,

ఏడో తరగతి చదువు నాది. రోజూ పేపరు చదువుతాను గానీ రాసే అలవాటు లేదు. తప్పులుంటే దిద్దుకో.

నువ్వు ఏడ్చావని నాకు ఇవాళ నీ ఉత్తరం చదివితే తెలిసింది. నాకు వినబడదు బిడ్డా. మూడేళ్లవుతోంది. ముందు కుడి చెవి పోయింది, తర్వాత ఎడమది. సాంచాల మీద బతికినవాళ్లలో చాలామందికి ఇంతే. ఎదురుగా ఉంటే పెదాలు చూసి అర్థం చేసుకుంటాను, అందుకే ఇంటికొచ్చినప్పుడు నువ్వు కనిపెట్టలేదు. ఫోన్లో పెదాలు ఉండవు కదా. నా బిడ్డ చెప్పేది మంచి మాటే అయి ఉంటుందని మంచిదే అనేవాణ్ణి. తెలిస్తే చదువు మానేసి వస్తావని మీ అవ్వ చేత ఒట్టు వేయించుకున్నాను.

అంబదాస్ సాంచాలు ఎందుకు ఆగాయో విను. వెనక సాంచా ఆగితే చప్పుడులో తేడా అందరికీ తెలుస్తుంది, నాకు తెలియదు. నేను ముందువాటితో ఉంటే వెనకది ఊరికే నిలబడి ఉంటుంది. అంబదాస్ చెవి ఎప్పుడూ నా సాంచాల మీదే. నాది ఆగిందంటే వచ్చి నా భుజం తడతాడు. నేను దారం ముడేసేదాకా నా మిగతా మూడూ తనే చూస్తాడు. తిరిగి పోయేసరికి తనవి ఒకటో రెండో ఆగి ఉంటాయి. మూడేళ్లుగా ఇంతే. ఆసామికి తెలిస్తే నన్ను తీసేస్తాడని శనివారం తనను పొమ్మన్నప్పుడు కూడా నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. భయపడ్డాను. ఆ సిగ్గుతో మూడు రోజులుగా అతని ఇంటి వైపు పోలేదు.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని ఆసామి దగ్గరికి పోయాను. ఉన్నదున్నట్టు చెప్పి ఆయన పెదాల వైపు చూస్తూ నిలబడ్డాను. "నోటిమాట నేనెట్ల నమ్మాలె వెంకటీ? దోస్తును కాపాడుకుంటున్నవేమో. నీ బిడ్డ మిషన్లు ఏం రాసినయో గదే సూపియ్యమను. శుక్రవారం కాలేజీకి నేను గూడ వస్త. గప్పటిదాంక నువ్వు గూడ ఇంటికాడనే ఉండు" అన్నాడు.

కాబట్టి నువ్వు రిపోర్టు ఇవ్వకపోతే మా ఇద్దరికీ పని లేదు. ఆయన బల్ల మీద నీ రిపోర్టు నేనూ తిరగేశాను. ఇంగ్లీషు రాదు గానీ అంకెలు వచ్చు. తొమ్మిదో నంబరు ఆగిన నిమిషాలు ఒక పేజీలో పెట్టావు, నా ఏడో నంబరు ఆగి నడిచిన నిమిషాలు ఇంకో పేజీలో పెట్టావు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడు. పరేషాన్ కాకు. కళ్లు తుడుచుకుని పని చూసుకో.

నీ మాట వినబడకపోయినా నిన్ను మరువని
బాపు, వెంకటి

కరీంనగర్,
బుధవారం

బాపూ, మా మంచి బాపూ,

నీ ఉత్తరం క్లాసులో చదువుకుంటూ అందరి ముందే ఏడ్చాను. రెండేళ్లు పెంచుకున్న కోపాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

నువ్వు చెప్పినట్టే పక్కపక్కన పెట్టాను. మూడు వారాల్లో కాక సాంచాలు ఎక్కువసేపు ఆగింది మూడు వందల పన్నెండు సార్లు. అందులో రెండు వందల ఎనభై ఏడు సార్లు, అవి ఆగకముందే నీది ఒకటి ఆగి ఉంది. నీది మళ్లీ నడిచాకే కాకది నడిచింది. మేడంకు చూపిస్తే తనే మళ్లీ లెక్కపెట్టి చూసుకుంది. తర్వాత, రిపోర్టు మళ్లీ రాయమంది. సాంచా ఆగగానే ఎదురు గోడ మీద ఎర్ర బల్బు వెలిగేలా చేయొచ్చని ల్యాబ్ వాళ్లు అంటున్నారు. అది ఉంటే కాక నీ కోసం పరుగెత్తక్కర్లేదు. ఇదీ రిపోర్టులో పెడతాను. ఆసామి ఒప్పుకుంటాడో లేదో తెలియదు. భయంగానే ఉంది.

కానీ ఇదంతా రాయాలంటే నీ చెవుల సంగతి రాయాలి. శుక్రవారం పది మంది ముందు పైకి చెప్పాలి. ఈసారి ఫోన్లో అడగను. రాయనా బాపూ? వద్దంటే రాయను. ఏదైనా సరే ఈ కాగితం కిందనే రాసి పొద్దున పద్మలతకు ఇవ్వు.

నీ జవాబు కోసం చూస్తూ
నవీన

రెండుసార్లు చదివాను. అంబదాస్ ఇంటికి పోయి అతనికీ చదివి వినిపించాను. ఇద్దరం శుక్రవారం వస్తున్నాం.

మంచిదే బిడ్డా.

వెంకటి