ప్రశ్నకు ముప్ఫై సెకన్లు

జూన్ 3

మనవరాలు లావణ్య ఆన్‌లైన్ కోర్సు మొదలు. ఈ హిందీవాళ్ల ఊరు బచేలిలో, హాస్టల్లో సఫాయి పని, ఊడ్చి కడగడం — సర్టిఫికెట్ ఉంటేనే ఇస్తారు. ఇరవై రెండేళ్ల పిల్ల. నాలుగో ఏట మెదడు జ్వరం. ఒకసారి చెప్తే నిలవదు, పదిసార్లు చెప్తే చెరగదు. నాకు డెబ్బై నాలుగు. నా తర్వాత దీనికి ఎవరూ లేరు.

వీడియోలో మనిషి హిందీలో పరిగెత్తినట్టు మాట్లాడుతోంది. తెర మూలన ఒక బొమ్మ ఎగురుతూనే ఉంది.

“దాన్నాపీ నాన్నమ్మా.”

ఆగదు. మూల మీద నల్లకాగితం అంటించాను.

జూన్ 5

వాచీ పెట్టి చూశాను. ప్రశ్నకు ముప్ఫై సెకన్లు. లావణ్యకు చదవడానికే నలభై ఐదు, ఆలోచించడానికి ముప్ఫై. ఆ డెబ్బై ఐదు ఇస్తే తప్పు చెప్పదు. మొదటి పరీక్ష పోయింది. ఇంక రెండు అవకాశాలే.

పరీక్షలో ఆ గడియారం తీసేయమని కోర్సువాళ్లకు రాశాను.

జూన్ 8

జవాబు లేదు.

పాత క్యాలెండర్ చింపి కార్డులు చేశాను. కార్డుకు ఒకటే సంగతి. నీలం డబ్బా మందు — నేలకు. తెల్ల డబ్బా — బాత్రూమ్‌కు. రెండూ కలపకూడదు. పదకొండుసార్లు చెప్పాను. పన్నెండోసారి తనే చెప్పింది.

“నీలందానికీ తెల్లదానికీ పడదు.”

“కలిస్తే?”

“కొట్టుకుంటాయి. నేను మధ్యలోకెళ్లి ఆపీస్తాను.”

నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. విషపు గాలి వస్తుంది, పారిపోవాలి — దానికి ఇంకో కార్డు చేయాలి.

జూన్ 11

రెండో పరీక్షా పోయింది. హాస్టల్ వార్డెన్ ఫోన్ — “అమ్మాజీ, సోమవారం దాకే ఆగుతా. కాగితం తేకపోతే వేరే లడకీని పెట్టుకుంటా.”

జూన్ 12

ఆఖరి పరీక్ష. ఏడో ప్రశ్న — మందులు కలిసి పొగ వస్తే ఏం చేయాలి? లావణ్య వేలు గాలిలోనే ఉంది. ఐదు సెకన్లు. నేను నొక్కాను. ఆ తర్వాత మూడింటికీ నేనే.

“నువ్వు నొక్కీసేవు నాన్నమ్మా.”

“లేదు. నువ్వే.”

ముప్ఫై ఒక్క ఏళ్లు బడిలో పంతులమ్మగా కాపీ కొట్టినవాళ్లను బెంచీ మీద నిలబెట్టాను.

పాసయింది.

జూన్ 13

కోర్సువాళ్ల జవాబు. అడిగినవారికి గడియారం తీసేస్తారట. మళ్లీ రాయవచ్చు, కానీ పాత ఫలితం రద్దవుతుంది.

లావణ్య సర్టిఫికెట్‌ను గోడకు అంటించుకుంది. నేను ఆ జవాబు ఉన్న ఫోన్ బోర్లించాను.

జూన్ 16

మొదటి రోజు. మూడింటికి వచ్చింది. కళ్లు ఎర్రగా… దగ్గు.

“నీలం డబ్బా ఉందా?”

“డబ్బాల్లేవు. మందులన్నీ కూల్‌డ్రింక్ సీసాల్లోనే.”

“ఏది ఏదో ఎలా తెలిసింది?”

“వాసన చూసేను.”

రేపటి నుంచి పై అంతస్తు బాత్రూములు తనొక్కర్తే.

పొగ కార్డు ఇంకా చేయనేలేదు.

జూన్ 17

ఎనిమిదికి వెళ్లింది. పొగ కార్డు తెల్లారే చేశాను. గుమ్మంలో ఇవ్వబోయాను.

“పాసైపోయేను కదా, ఇంకా కార్డులేటి?”

కార్డు తీసుకోకుండానే వెళ్లిపోయింది.

తొమ్మిదిన్నర — వార్డెన్‌కు ఫోన్. ఎత్తలేదు.

తొమ్మిది ముప్ఫై ఐదు — ఎత్తలేదు.

ఎత్తితే ఏమనాలో రాసుకున్నాను. ఆ నాలుగు జవాబులు మా పిల్లవి కావు. పని నుంచి ఆపండి, మళ్లీ రాయిస్తాను.

తొమ్మిది నలభై. రింగవుతోంది… హాస్టల్‌కే వెళ్దామని చెప్పులు వేసుకున్నాను. పొగ కార్డు చేతిలోనే ఉంది.