ఇద్దరం ఉన్న ఫోటో

ఏమండీ, నైట్ డ్యూటీ నుంచి రాగానే ముందు తినండి, తరవాతే నిద్ర. టీవీ మీదున్న ఫారంలో సంతకం పెట్టండి. కుట్టు ఫ్యాక్టరీ మానేస్తున్నాను కదా, అక్కడి తొమ్మిదేళ్ల సర్వీసుని కొత్త ఉద్యోగంలో కలపమని రాశాను. మీరన్నట్టు ఆ పీఎఫ్ డబ్బు ఇప్పుడే తీసేసుకుంటే ముసలితనంలో పెన్షన్ రాదట. కోప్పడాలంటే ఎదురుగా కోప్పడండి, చీటీలో కాదు.

నా తరవాత ఆ పెన్షన్ మీకు రావాలంటే మనిద్దరం కలిసున్న ఫోటో కావాలట. ఇల్లంతా గాలించాను. మీ చెల్లెలి పెళ్లిలోది ఒక్కటే దొరికింది. అందులో మీరా చివర, నేనీ చివర, మధ్యలో పద్నాలుగు మంది. పీఎఫ్ ఆఫీసులో చూపిస్తే గుమస్తా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

సాయంత్రం ఐదున్నరకి బస్టాప్ పక్క స్టూడియోకి రండి. నీలం చొక్కా ఇస్త్రీ చేసి తలుపుకి తగిలించాను.

ఫోటో అవగానే డ్యూటీకని పరిగెత్తకండి. చీటీల్లో పట్టని మాటలు ఏడాదిగా పోగుపడ్డాయి.