గంట లేని గోపురం

మార్చి 2

అక్క ఫోన్ చేసింది. ఆదివారం ఖాళీయేనా అని. కొండమీది పాత చాపెల్‌కి, అదే ఆ చిన్న చర్చికి, తీసుకెళ్లాలట. ఆ కథలన్నీ నమ్ముతున్నావా అంటే, నమ్మితే ఏం, నమ్మకపోతే ఏం, నువ్వు కారు తీయి చాలు అంది.

కథ ఊళ్లో అందరికీ తెలిసిందే. ఎప్పుడో యుద్ధంలో సైనికులు ఆ గోపురంలో గంట దించి పడవలో తీసుకుపోతుంటే పడవ మునిగింది. గంట మళ్లీ దొరకలేదు. ఇంటిమనిషి తప్పిపోయినవాళ్లు గోపురం కింద రాతిబల్ల మీద కళ్లు మూసుకుని కూర్చుంటే, ఆ మనిషి బతికుంటే గంట వినబడుతుందట.

బావ కనబడకుండా పోయి మూడేళ్లు దాటింది. తను నడిపే లారీ రేవు దగ్గర దొరికింది. తాళాలు దానికే ఉన్నాయి. బావ లేడు. పోలీసులు కొన్నాళ్లు వెతికి ఊరుకున్నారు.

మార్చి 4

అసలు సంగతి ఇవాళ బయటపడింది. అక్క పనిచేసే ఫొటో ఫ్రేముల షాపు ఓనరు పెళ్లి చేసుకుందామని అడిగాడట. భార్య పోయిన మనిషి. మంచివాడే. ముందు నేనెవరి భార్యనో తేలాలి కదరా అంది అక్క. కోర్టు పోయినేడే విడాకులు ఇచ్చేసింది కదా అన్నాను. అది కోర్టుకి తేలింది, నాకు తేలలేదు అంది. నవ్వుతూనే అంది.

మార్చి 7, సాయంత్రం

వెళ్లొచ్చాం. చాపెల్ అనుకున్నంత పెద్దది కాదు. మా క్లినిక్ వెయిటింగ్ హాలంత ఉంటుందేమో. గోడలు చెమ్మగా ఉన్నాయి. రంగు అద్దాల్లో ఒకటి పగిలితే మామూలు గాజు వేశారు. ఎండ అక్కడొక్కచోటే తెల్లగా పడుతోంది. గోపురం లోపల పైదాకా ఖాళీ. గంట వేలాడదీసిన దూలం మాత్రం ఉంది. నీళ్ల అడుగున గంట ఇప్పటికీ మోగుతుందని చెబుతూ చెబుతూనే గైడమ్మ, గోడకి చ్యూయింగ్ గమ్ అంటిస్తున్న ఒకాయన్ని కసిరింది.

అక్క బల్లమీద కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని, స్కూల్లో ఫొటోకి కూర్చున్నట్టు. చాలాసేపు. వెనక ఒక పెద్దావిడ తన వంతు కోసం నిలబడి ఉంది. కొడుకు కోసమట. అక్క లేవగానే చెయ్యి పట్టుకుని, వినబడిందా తల్లీ అని అడిగింది. స్పష్టంగా వినబడిందమ్మా అంది అక్క.



కారులో అడిగాను. ఏమీ వినబడలేదు అంది. మరి ఆవిడతో అలా అన్నావేం అంటే, ఆవిడ ఇంకా కూర్చోలేదు కదరా, ముందే ఆశ చంపేస్తామా అంది. తర్వాత సీటు వెనక్కి వాల్చి నిద్రపోయింది. ఇంటిదాకా లేవలేదు.

మార్చి 8

నిన్న ఒకటి రాయలేదు.

పెద్దావిడ కూడా కూర్చుని లేచాక, అక్క ఆవిణ్ణి బయటికి నడిపించుకెళ్లింది. కాళ్లు పీకుతుంటే నేను ఊరికే ఆ బల్లమీద కూలబడ్డాను. కళ్లు మూసుకున్నాను. బావ గుర్తొచ్చాడు.

మోగింది. ఒక్కసారి. దూరంగా, లోతుగా.

నా ఉద్యోగం చెవులు పరీక్ష చేయడం. బొత్తిగా చప్పుడు లేనిచోట చెవి దానంతటదే శబ్దం పుట్టించుకుంటుంది, కంగారు పడకండి అని రోజూ పేషెంట్లకి చెబుతాను. నాకు నేనూ అదే చెప్పుకున్నాను. పనిచేయలేదు.

మార్చి 11

చెప్పాలా, వద్దా.

మార్చి 15

అక్క పెళ్లికి ఒప్పుకుందట. ఫోన్లో గొంతే మారిపోయింది. కంగ్రాట్స్ అన్నాను. సాక్షి సంతకం నువ్వే పెట్టాలి అంది.

మార్చి 20

చెప్పేశాను. దాచుకుని ఆ సంతకం పెట్టడం నావల్ల కాదు.

షాపులో అక్క ఒక్కతే ఉంది. గాజు కోస్తోంది. నేను చెబుతున్నా ఆపలేదు. గీత చివరిదాకా లాగి, గాజు విరిచి, జాగ్రత్తగా పక్కన పెట్టి, అప్పుడు నావైపు చూసింది. బతికే ఉన్నాడన్నమాట అంది. నాకేం తెలుసు అన్నాను.

ఉంటే ఉండనీరా అంది. బల్లమీద కూర్చున్నంతసేపూ వినబడకూడదు, వినబడకూడదు అనే అనుకుందట. అప్పుడే నాకు తేలిపోయింది, ఇక గంటతో పనేముంది అంది.

మళ్లీ తనే, ఎలా మోగింది, బాధగానా అని అడిగింది. లేదు, మామూలుగానే అన్నాను. తలూపింది. మోచేత్తో కళ్లు తుడుచుకుని ఇంకో గాజు తీసుకుంది.

ఏప్రిల్ 2

మా క్లినిక్‌లో కొత్తగా చేరిన అమ్మాయి చేత నా చెవులు పరీక్ష చేయించుకున్నాను. శబ్దం వినబడినప్పుడల్లా చెయ్యెత్తాలి. రెండూ బాగానే ఉన్నాయంది. ఒక్కసారి మాత్రం, తను ఏ శబ్దమూ పంపనప్పుడు చెయ్యెత్తానట.