మైనం కలిపిన మట్టి

వెర్నా అక్కా,

ఈ ఆదివారం నువ్వు ఇంటికి రావద్దు.

చలికి మట్టి బిగుసుకుపోయి మన ఇనుప ఉచ్చులు మూసుకోవడం లేదు. కొయోట్ నక్కలు వాటిమీదే నడిచొచ్చి కోళ్లను ఎత్తుకుపోతున్నాయి. అందుకని నాన్న, గడ్డకట్టకుండా పొడిమట్టిని మైనంతో వేయించి ఉచ్చులమీద కప్పాడు. ఈ ఉదయం కంచె దగ్గర ఒక ఉచ్చు మూసుకుంది. అందులో చిక్కుకున్నది మగవాళ్లు బూటుమీద తొడుక్కునే రబ్బరు పైజోడు. దాన్ని వదిలేసి వెళ్లిన అడుగులు మంచులో నీ గది కిటికీ దాకా ఉన్నాయి.

మధ్యాహ్నం కొట్టు దగ్గర, నీ చెయ్యి విరగ్గొట్టాక మొహం చాటేసిన గార్త్ బావ కుంటుతూ ఎదురొచ్చాడు.

"ఏం మరదలా, మీ అక్క చెయ్యి అతుక్కుందటగా! ఎప్పుడొస్తోంది?" అని నవ్వాడు.

తెలియదన్నాను. నాన్నకు చెప్పాను. కోళ్ల సంగతి వదిలేసి, ఉచ్చులన్నీ తెచ్చి నీ కిటికీ కింద పాతుతున్నాడు. పొయ్యిమీద మళ్లీ మట్టి వేగుతోంది.

నీ చెల్లి