వేపచెట్టు తొర్రలో నీ ఈల

నేను పోచమ్మను. డెబ్బై దాటాయి. తార్నాకలో కోడలు మంజుల దగ్గర ఉంటున్నాను. నీ పేరు మాత్రం రాయించను. నువ్వూ నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. యూనివర్సిటీలో నువ్వు తోటపని, నేను వరండాలు ఊడ్చే పని. మధ్యాహ్నం అన్నానికి రమ్మని ఈల వేసేవాడివి.

నువ్వు పోయి ఇవాళ్టికి మూడేళ్లు. ఆ ఈల ఇంకా వినిపిస్తోంది. యూనివర్సిటీలో ఎండిన వేపచెట్టు తొర్రలో ఉండే గోరింక వేస్తోంది. పక్కనే కోడలి టీ కొట్టులో కూర్చున్న నేను, వినగానే సద్ది డబ్బా కోసం తడుముకుంటూ లేచి నిలబడతాను.

రేపు ఆ చెట్టు కొట్టేస్తారట. చెట్టు కొట్టించే మేస్త్రీని నిలదీశాను.

"ఎండిన చెట్టుతోని నీకేం పని అవ్వా?"

"తొర్రల పిల్లలున్నయ్ రా. అవి ఎగిరినంక కొట్టు!"

ఈ ఉత్తరం రాస్తున్న స్రవంతి ఇక్కడే పక్షుల చదువు చదువుతోంది. "గోరింకలు విన్న సప్పుడు నేర్చుకుంటయ్ అవ్వా. పిల్లలకు గూడ ఆ ఈల రావచ్చు" అంది.

రేపు తెల్లారగానే చెట్టు మొదట్లో కూర్చుంటాను. ఎవరు లేపినా లేవను. నువ్వు ఈల వేసినా లేవను.

పోచమ్మ ఎడమ బొటనవేలి ముద్ర.
చూసినవారు: స్రవంతి, మంజుల.