తెరిపి చీటీ

మార్చి 3
నిఘంటువు ఆఫీసులో ‘తె’ అక్షరం నా నెత్తిన పడింది. ‘తెరిపి’ దగ్గర బండి ఆగింది. ‘తెరచు’ నుంచి పుట్టిందని ఎడిటర్ గారి మాట. ఖాళీ జాగా, వాన ఆగడం: ఈ రెండింటికీ వాక్యాలున్నాయి. జబ్బు నెమ్మదించడం అనే మూడో అర్థానికి లేదు. మా రూలు ప్రకారం వాక్యం సొంతంగా అల్లకూడదు. ఎవరి నోటనైనా విని, వాళ్ళ వయసు, వృత్తి, తేదీ చీటీ మీద రాయాలి. పదో తేదీకి ‘తె’ ప్రెస్సుకి వెళ్ళకపోతే నా పర్మనెంట్ ఉద్యోగం హుళక్కి.

మార్చి 4, ఉదయం
అక్కకి నిన్న రాత్రి నుంచి కడుపునొప్పి. కుడిపక్క చెయ్యి వెయ్యనివ్వడం లేదు. కుట్టుమిషను తొక్కి నన్ను చదివించిన మనిషి, ఎన్నడూ మంచాన పడి ఎరగదు. నాకు లోలోపల సంతోషంగా ఉంది. రోగి ఇంట్లోనే దొరికింది. గంటగంటకీ ఎలా ఉందని అడుగుతున్నాను. ప్రాణం తోడేస్తోందిరా, డాక్టరుకి చూపించరా అంటోంది. సాయంత్రం ఆరింటికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

సాయంత్రం 5
అడక్కుండానే అంది, ఇప్పుడు కాస్త తెరిపిచ్చిందిరా అని. పరుగెత్తి చీటీ తెచ్చాను. ‘టైలర్, 52 ఏళ్ళు.’
అయినా ఒకసారి చూపించుకుందాంరా అంది. డాక్టరు జబ్బు తగ్గలేదన్నాడంటే చీటీ చెల్లదు. తగ్గాక డాక్టరెందుకని కసిరాను. ఫోన్ చేసి రావడం లేదని చెప్పేశాను. సరేలేరా, నీకు పనుందిగా అంది అక్క.

మార్చి 5
తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోతోంది. కడుపు చెక్కలా బిగుసుకుపోయింది. అంబులెన్స్‌లో ఆస్పత్రికి తీసుకొచ్చాను. నొప్పి ఆగింది జబ్బు తగ్గి కాదు, లోపల అపెండిక్స్ పగలడం వల్ల అన్నాడు సర్జన్. నిన్న సాయంత్రమే ఎందుకు తేలేదని అడిగాడు. పనుందని చెప్పాను.
తెరిపికి వాన ఆగడం చీటీ మీద అర్థం రాసింది నేనే. ‘మళ్ళీ పట్టే ముందు కాసేపు ఆగడం.’ నా కన్నా ఎవరికి తెలుసు ఆ మాట?

మార్చి 7
అక్క పోయింది.

మార్చి 9
ఎడిటర్ గారు చీటీ తిప్పి పంపారు. వాక్యం బాగుందట. ఈ టైలరుకి జబ్బు తగ్గిందా అని వెనక పెన్సిలుతో అడిగారు.
తగ్గింది అని రాశాను.